తపస్సు కాలంలో ఒకటో క్లాసు పిల్లలతో ఏం చేయిస్తే బాగుంటుంది?

మేరీటీచర్_ఒకటోక్లాసు
ఈ ఏడాది నాకు ఒకటో తరగతి ఇచ్చారు. గుంటూరు దగ్గర ఆర్సీఎం (రోమన్ కథోలిక మిషన్) స్కూలు. ఇంతకుముందు ఐదో తరగతికి చెప్పేదాన్ని. వాళ్ళకైతే సిలువ మార్గం (యేసు శ్రమల పద్నాలుగు స్థలాల ప్రార్థన), బైబిల్ క్విజ్ సరిపోయేవి. ఆరేళ్ళ పిల్లలకి ఈస్టర్ ముందు వచ్చే ఈ నలభై రోజుల తపస్సు కాలం గురించి ఎలా చెప్పాలా అని టెన్షన్‌గా ఉంది. 2026లో తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం ఫిబ్రవరి 18న, ఈస్టర్ ఏప్రిల్ 5న. మధ్యలో ఒంటిపూట బడులు మొదలవుతాయి, ఆ వెనకే పరీక్షలు. సిస్టర్ గారు ప్లాన్ రాసి ఇమ్మన్నారు. క్లాసులో సగం మందికి పైగా కథోలికులు కాదు, సత్యోపదేశం (కథోలిక మతబోధ) పీరియడ్‌లో వాళ్ళకి మోరల్ సైన్స్ ఉంటుంది. చేతులతో చేసేవి, ఖర్చు లేనివి చెప్పండి. రంగు కాగితాలు, జిగురు వరకు స్కూలే ఇస్తుంది.

శౌరి_తెనాలి
ముందుగా పాత మ్రానికొమ్మలు తెప్పించండి టీచర్ గారూ. పోయినేడు ఈస్టర్ ముందు ఆదివారం గుడి నుంచి తెచ్చుకున్న తాటాకు సిలువలు ప్రతి ఇంట్లో పటాల వెనక ఉంటాయి. వాటిని కాల్చే కదా విభూది చేసేది. ఫాదర్ గారిని అడిగి మంగళవారం గ్రౌండ్‌లో పిల్లల ఎదుటే కాల్చమనండి. మా విచారణలో (పారిష్‌లో) అలాగే చేశారు. మర్నాడు నుదుటి మీద పెట్టగానే మా పాప "ఇది మా ఇంటి ఆకు" అని పూజ అయ్యేదాకా పక్కవాళ్ళకి చెబుతూనే ఉంది. పిల్లల్ని మాత్రం దూరంగా నిలబెట్టండి. గాలి ఎక్కువగా ఉంటే ఆ రోజు వద్దు.

డాలస్_నాన్న
మావాడు ఇక్కడ క్యాథలిక్ స్కూల్లో ఫస్ట్ గ్రేడ్. తపస్సు కాలం మొదలయ్యే ముందు "అల్లెలూయా" అని పెద్ద కాగితం మీద రాసి, రంగులు వేసి, పెట్టెలో పెట్టి దాచేస్తారు. కొన్ని స్కూళ్ళలో నిజంగానే తోటలో గొయ్యి తీసి పూడుస్తారు. ఈస్టర్ దాకా పూజలో ఆ మాట పాడరు కాబట్టి ఇది పిల్లలకి బాగా అర్థమవుతుంది. ఇప్పుడు కార్లో పాటలో అల్లెలూయా వస్తే మావాడు "డాడీ ఆపు ఆపు" అని కేకలు. ఈస్టర్ అయ్యాక అందరూ కలిసి బయటికి తీస్తారు.

ఇంకోటి, శుక్రవారం సిలువ మార్గానికి ఎనిమిదో తరగతి పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో చిన్నారి చెయ్యి పట్టుకుని తీసుకెళ్తారు. పక్కన అన్నో అక్కో ఉంటే అల్లరి తగ్గుతుంది, భయమూ తగ్గుతుంది.

జోజమ్మ_కోడలు
డాలస్ అన్నా, అక్కడ పిల్లలకి అట్టపెట్టె ఇస్తారు కదా, అన్నం గిన్నె బొమ్మ ఉంటుంది. న్యూజెర్సీలో మా ఆడపడుచు పిల్లల దగ్గర చూశాను.

డాలస్_నాన్న
అదే, రైస్ బౌల్. 1975లో పెన్సిల్వేనియాలోని అలెన్‌టౌన్‌లో మొదలైంది. ఆఫ్రికాలో కరువు వార్తలు విని అక్కడి విశ్వాసులు ఒక పూట సాదాగా తిని, మిగిలిన డబ్బు పెట్టెలో వేశారు. తర్వాత క్యాథలిక్ రిలీఫ్ సర్వీసెస్ వాళ్ళు దేశమంతా చేశారు. వచ్చినదాంట్లో 75 శాతం వేరే దేశాల్లోని పేదలకి వెళ్తుంది, 25 శాతం ఆ మేత్రాసనంలోనే (బిషప్ పరిధిలోనే) ఉంటుంది. పిల్లలు చిల్లర వేస్తే గలగల శబ్దం వస్తుంది, వాళ్ళకి అదే సంతోషం.

జోజమ్మ_కోడలు
మనకి పిడికెడు బియ్యం ఉంది కదా. మా అత్తగారు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు, ఇప్పటికీ. అది గుడికి. ఒకటో తరగతి పిల్లలకి ఇంతకంటే తేలికైన దానం ఏముంది? వాళ్ళ పిడికిలి ఎంత, అందులో పట్టే గింజలెన్ని! తల్లి వండేటప్పుడు పిల్లాడే తీయాలి, అంతే. శనివారం స్కూల్లో ఒక బస్తాలో పోయించండి, పండగ ముందు ఎవరికి ఇవ్వాలో ఫాదర్ గారు చెబుతారు.

మట్టికుండ_ఏలూరు
పిడికెడు బియ్యానికి నా ఓటు. కథోలిక సేవా సంస్థ కారితాస్ ఇండియా వాళ్ళ తపస్సు కాలపు చందా కూడా ఉంటుంది కదా, అది పెద్దవాళ్ళు చూసుకుంటారు. చిన్నపిల్లల్ని డబ్బు తెమ్మంటే ఎవడు పది తెచ్చాడు, ఎవడు వంద తెచ్చాడు అని మొదలవుతుంది. బియ్యంలో ఆ గొడవ లేదు.

రాయప్ప_తాత
అన్నీ చదివాను. మా చిన్నప్పుడు రంగు కాగితాలు లేవు, పెట్టెలు లేవు. నలభై రోజులూ ఇంట్లో నీసు వండేవాళ్ళు కాదు. శుక్రవారం సాయంత్రం గుడిలో మోకాళ్ళ మీద పద్నాలుగు స్థలాలూ చేసేవాళ్ళం. తపస్సు అంటే మానుకోవడం అని పిల్లలకి ఇప్పుడే తెలియాలి. చాక్లెట్ మానమనండి, ఫోను మానమనండి. అంతా ఆటగా నేర్పితే పెద్దయ్యాక ఉపవాసం దేనికని అడుగుతారు.

ఉపదేశి_పల్నాడు
తాతగారూ, మానుకోవడం నేర్పాలన్న మాట నేనూ ఒప్పుకుంటాను. కానీ మా ఊళ్ళో సత్యోపదేశానికి వచ్చేది మిరప కోతలకి వెళ్ళే కూలీల పిల్లలు. తపస్సు కాలం సరిగ్గా కోతల కాలంలోనే వస్తుంది. చీకటితో అమ్మానాన్న చేలోకి వెళ్ళిపోతారు. చాక్లెట్ మానమంటే ఏ చాక్లెట్? ఫోను నాన్న జేబులో ఉంటుంది, అదీ బటన్ల ఫోను. ఒక పాప లేచి "నేను పొద్దున టిఫిను మానేస్తా సార్" అంది. ఆ పాప ఇంట్లో పొద్దున టిఫినే ఉండదు. బళ్ళో మధ్యాహ్న భోజనమే ఆ రోజుకి మొదటి ముద్ద.

అందుకే మా దగ్గర "ఏం మానేస్తావు" అని అడగం, "ఎవరికి ఏం చేస్తావు" అని అడుగుతాం. తమ్ముణ్ణి ఎత్తుకుంటా అంటారు, నాయనమ్మకి బిందె పట్టిస్తా అంటారు. ఒకడు తన బలపం సగం విరిచి పక్కవాడికి ఇచ్చాడు. ఉన్న బలపం అదొక్కటే. అంతకు మించిన తపస్సు నాకు తెలియదు.

నిర్మల_హైదరాబాద్
ఉపదేశి గారి పోస్టు రెండుసార్లు చదివాను.

నా బాధ వేరే. మా బాబు స్కూల్లో పోయినేడు గోడకి త్యాగాల చార్టు పెట్టారు. ప్రతి పేరు ఎదురుగా స్టార్లు. రోజూ లేచి నిలబడి ఏ మంచి పని చేశాడో చెబితే ఒక స్టారు, వారం చివర ఎక్కువ వచ్చినవాళ్ళకి చప్పట్లు. మావాడు నెమ్మదస్తుడు, నలుగురిలో లేచి మాట్లాడడు. ఇంట్లో ఎవరూ చెప్పకుండానే చెల్లికి అన్నం తినిపిస్తాడు, అది చార్టులోకి ఎక్కలేదు. తనే ఆఖరున ఉన్నానని రాత్రి ఏడ్చాడు. పక్కవాడేమో చేయని పనులు కూడా చెబుతున్నాడట. విభూది బుధవారం పూజలో చదివే సువార్త ఏమిటి? నీ కుడిచెయ్యి చేసే దానం ఎడమచేతికి తెలియకూడదని కదా! అది విని వచ్చి గోడకి స్టార్లు అంటిస్తారా?

శౌరి_తెనాలి
అక్కా, చార్టు పెట్టిన టీచర్ కూడా మంచి ఉద్దేశంతోనే పెట్టి ఉంటారు. ఆ వయసులో స్టారు ఇస్తే ఉత్సాహం వస్తుంది, లెక్కలకీ ఇస్తాం కదా.

నిర్మల_హైదరాబాద్
లెక్కలకి ఇవ్వండి. ప్రేమకి మార్కులు వేయొద్దనే నేను అనేది.

మట్టికుండ_ఏలూరు
నిర్మల గారితో ఏకీభవిస్తాను. మా ఒకటో తరగతిలో పేర్లు ఉండవు. కిటికీ దగ్గర ఒక గాజు సీసా, పక్కన పళ్ళెంలో చింతగింజలు. ఎవరైనా మంచి పని చేస్తే ఒక గింజ వేసి వెళ్ళి కూర్చుంటారు. ఎవరు వేశారు, ఎందుకు వేశారు అని అడగకూడదు, నేనూ అడగను. సీసా క్లాసందరిదీ. ఈస్టర్ తర్వాత బడి తెరిచిన రోజు సీసాలో గింజల బదులు వేరుశనగ ఉండలు ఉంటాయి, అందరికీ సమానంగా పంచుతాను. అమెరికాలో ఇదే పనిని జెల్లీ బీన్స్‌తో చేస్తారని విన్నాను.

డాలస్_నాన్న
అవును, ముందు ఎండు చిక్కుడు గింజలు వేయించి, ఈస్టర్‌కి జెల్లీ బీన్స్‌గా మారుస్తారు. వేరుశనగ ఉండలే నయం, పళ్ళకి కూడా :)

రాయప్ప_తాత
గుప్పెళ్ళతో వేస్తే?

మట్టికుండ_ఏలూరు
వేస్తారు తాతగారూ, మొదట్లో. తిట్టను. "ఈ సీసా యేసయ్య కూడా చూస్తున్నాడు" అని కూడా అనను, ఆ మాట పిల్లల్ని భయపెట్టడానికి వాడకూడదు. కాసేపటికి గుప్పెట వేయడంలో మజా పోతుంది. అసలు పని చేసి వేసిన పిల్లాడి ముఖం వేరేగా ఉంటుంది, మిగతావాళ్ళు అది చూస్తారు.

సిస్టర్_తరగతిగది
చిన్నపిల్లల క్లాసుల్లో చాలాకాలం పనిచేశాను కాబట్టి రాస్తున్నాను.

తాతగారి మాట, ఉపదేశి గారి మాట రెండూ మన కథోలిక సభ ధర్మశాస్త్రంలోనే (కానన్ లా) ఉన్నాయి. 1252వ సూత్రం ప్రకారం మాంసం మానాల్సింది 14 ఏళ్ళు నిండినవాళ్ళు, ఉపవాసం ఉండాల్సింది 18 నిండినప్పటి నుంచి 60వ ఏడు మొదలయ్యేదాకా. అక్కడితో ఆగలేదు. ఆ వయసు రాని పిల్లలకి కూడా తపస్సులోని నిజమైన భావం నేర్పాల్సిన బాధ్యత విచారణ గురువులదీ (ఫాదర్లదీ) తల్లిదండ్రులదీ అని అదే సూత్రం చెబుతుంది. అంటే ఒకటో తరగతి పిల్లాడి కంచంలోంచి ఏదీ తీసేయక్కర్లేదు, భావం మాత్రం నేర్పాలి. ఇంట్లో అందరూ పప్పన్నం తింటుంటే వాడూ తింటాడు, అది చాలు.

టీచర్ గారూ, ఆదివారం సువార్తలే మీ ప్లాన్ అనుకోండి. 2026లో పూజలో చదివేవి 'A' సంవత్సరపు పఠనాలు, చిన్నపిల్లలకి చాలా అనువైనవి. మార్చి 8న బావి దగ్గర సమరియ స్త్రీ. ఆ వారం నీళ్ళ వారం. పిల్లలు మట్టి మూకుళ్ళు తెచ్చి గోడ మీద పిచ్చుకలకి నీళ్ళు పెడతారు, గేటు దగ్గర కుండ పెట్టి దారిన పోయేవాళ్ళకి గ్లాసుతో ఇస్తారు. మన ఎండలకి ఆ కథ చెప్పకుండానే అర్థమవుతుంది. "నాకు దాహానికి ఇవ్వు" అని యేసు ప్రభువే అడిగాడంటే పిల్లలు ఆశ్చర్యపోతారు. దేవుడికి దాహం వేస్తుందా అని అడుగుతారు, వాళ్ళని అడగనివ్వండి. మార్చి 15న పుట్టుగుడ్డివాడు. కళ్ళకి గంతలు కట్టి స్నేహితుడి చెయ్యి పట్టుకుని వరండాలో నడిపించండి, తర్వాత ఇద్దరూ మారాలి. 22న చనిపోయి మళ్ళీ లేచిన లాజరు. ఆ వారం మూకుడులో మట్టి వేసి గోధుమలు చల్లండి, పండగకి పచ్చగా ఉంటుంది. మొదటి రెండు వారాలకీ పెద్దగా ఏమీ వద్దు, బల్ల మీద ఊదా గుడ్డ, సిలువ, ఒక చిన్న ప్రార్థన చాలు.

మేరీటీచర్_ఒకటోక్లాసు
సిస్టర్ గారూ, నాకు కావలసింది ఇదే. నోట్సులో రాసుకున్నాను. ముళ్ళ కిరీటం ఎవరైనా చేయించారా? వీడియోల్లో పిండితో చేసి టూత్‌పిక్‌లు గుచ్చుతున్నారు, ఒక మంచి పనికి ఒక ముల్లు తీసేయాలట.

జోజమ్మ_కోడలు
రెండు గ్లాసుల గోధుమపిండి, ఒక గ్లాసు ఉప్పు, ఒక గ్లాసు నీళ్ళు. నీళ్ళు కొంచెం కొంచెంగా పోసుకోండి. మూడు తాళ్ళుగా చేసి జడలా అల్లి గుండ్రంగా కలపాలి. పచ్చిగా ఉన్నప్పుడే గుచ్చి ఎండలో పెట్టండి. మన ఎండకి ఓవెన్ అక్కర్లేదు. ఉప్పు ఎక్కువ కాబట్టి పాడవదు.

శౌరి_తెనాలి
టూత్‌పిక్ ఎందుకు, మా పొలం గట్టున తుమ్మముళ్ళు కావలసినన్ని.

జోజమ్మ_కోడలు
తమ్ముడూ, ఆరేళ్ళ పిల్లలు! తుమ్మముల్లు గుచ్చుకుంటే తల్లులు మీ ఇంటికే వస్తారు.

మట్టికుండ_ఏలూరు
చీపురు పుల్లలు చిన్నగా విరిచి వాడండి, మొన మొద్దుగా ఉంటుంది. క్లాసంతటికీ ఒకటే కిరీటం, అది టీచర్ బల్ల మీద. యేసయ్య తలకి గుచ్చుకున్న ముల్లు నేను తీశాను అన్న ఆలోచన పిల్లలకి చాలా లోతుగా దిగుతుంది, నేను చూశాను.

విద్య_అమ్మ_విజయవాడ
మేము హిందువులం. మా పాప ఆర్సీఎం స్కూల్లోనే ఒకటో తరగతి. ఈ చర్చ ఆసక్తిగా చదువుతున్నాను. పిచ్చుకలకి నీళ్ళు, పిడికెడు బియ్యం, చింతగింజలు... మా పాపని తప్పకుండా కలుపుకోండి, మాకు సంతోషం. ఒక్కటే కోరిక. నుదుట విభూది పెట్టడం, గుడిలో ప్రార్థనకి తీసుకెళ్ళడం ఉంటే ముందుగా డైరీలో రాసి పంపండి. పాప ఇంటికొచ్చి చెబితే తెలియడం వేరు, మమ్మల్ని అడిగి చేయడం వేరు.

శౌరి_తెనాలి
మేడమ్, ఎవరూ మతం మార్చడానికి చేయరు. పిల్లలందరూ లైన్లో వెళ్తే ఒక్కర్నే కూర్చోబెట్టడం బాగోదని తీసుకెళ్తారు.

ఉపదేశి_పల్నాడు
శౌరి గారూ, ఆమె అడిగింది న్యాయం. రాజ్యాంగం 28వ అధికరణంలో మూడో భాగం చూడండి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న, లేదా ప్రభుత్వ సాయం పొందే బడిలో మతబోధకి గానీ ఆరాధనకి గానీ మైనరు పిల్లల్ని పంపాలంటే సంరక్షకుల సమ్మతి కావాలి. 2024లో మన పీఠాధిపతుల (బిషప్పుల) సమాఖ్య కూడా వేరే మతాల పిల్లల మీద మన ఆచారాలు రుద్దవద్దని కథోలిక స్కూళ్ళకి చెప్పింది. చట్టం సంగతి అటుంచండి. అడిగి చేస్తే ఆ తల్లికి మన మీద గౌరవం పెరుగుతుంది.

మేరీటీచర్_ఒకటోక్లాసు
విద్య గారూ, విభూదికి, సిలువ మార్గానికి కథోలిక పిల్లల్నే తీసుకెళ్తాం. వేరే పిల్లలు రావాలంటే డైరీలో అమ్మానాన్న సంతకం ఉండాలి. బియ్యం, నీళ్ళు, గింజల సీసా క్లాసు మొత్తానిది. ఈసారి రమ్‌జాన్ నెల కూడా దాదాపు అదే రోజుల్లో మొదలవుతుంది. మా క్లాసులో ముస్లిం పిల్లలున్నారు, ఇంట్లో పెద్దవాళ్ళు రోజా ఎందుకు ఉంటారో వాళ్ళ చేత చెప్పిస్తాను.

విద్య_అమ్మ_విజయవాడ
చాలా సంతోషం టీచర్ గారూ.

గుంటూరు_లూథరన్
మేము లూథరన్లం, మాకూ లెంట్ (తపస్సు కాలం) ఉంది. సండే స్కూల్లో ఒక ఇబ్బంది వచ్చింది, మీ దగ్గర ఎలా చేస్తారో చెప్పండి. ఒకాయన యేసు శ్రమల సినిమా తెచ్చి చిన్నపిల్లలకి వేశారు. కొరడా దెబ్బలు, రక్తం. మా పాప నిద్రలో లేచి ఏడ్చింది, గుడికి రానంది. సిలువ గురించి చెప్పకుండా ఉండలేం, చెబితే భయపడుతున్నారు.

రాయప్ప_తాత
సినిమా తప్పు బాబూ. మేము పటాలు చూశాం, పక్కన అమ్మ ఉండేది. సినిమా వేరు.

సిస్టర్_తరగతిగది
తాతగారు సరిగ్గా చెప్పారు. పద్నాలుగు స్థలాలూ ఒకేసారి వద్దు. ఒకటో తరగతికి నాలుగు చాలు. నాలుగో స్థలంలో తల్లి ఎదురొస్తుంది. ఐదులో కిరేనియుడైన సీమోను సిలువ మోయడానికి సాయపడతాడు. ఆరులో వెరోనికమ్మ ముఖం తుడుస్తుంది. ఎనిమిదిలో యెరూషలేము స్త్రీలు ఏడుస్తుంటే ప్రభువు ఆగి మాట్లాడతాడు. నాలుగింట్లోనూ ఆ కష్టంలో ఆయన పక్కన ఎవరో ఒకరు ఉన్నారు. "నువ్వు అక్కడ ఉంటే ఏం చేసేవాడివి?" అని అడగండి. మా పాప ఒకతి "నా వాటర్ బాటిల్ ఇచ్చేదాన్ని" అంది. చనిపోయాడని చెప్పిన రోజే మూడో రోజు లేచాడని కూడా చెప్పాలి. సగం కథతో పిల్లల్ని ఇంటికి పంపకూడదు.

విభూది పెట్టేటప్పుడు కూడా "మట్టివి, మట్టిలో కలుస్తావు" అన్న మాట బదులు, మనసు మార్చుకుని సువార్తని నమ్మమని చెప్పే రెండో మాట ఉంది. చిన్నపిల్లలకి అది వాడమని ఫాదర్ గారిని అడగొచ్చు.

రాయప్ప_తాత
మట్టి మాట నాకిష్టం. పొలం చేసినవాణ్ణి. కానీ పిల్లలకి రెండోదే చెప్పండి.

గుంటూరు_లూథరన్
నాలుగు స్థలాల ఆలోచన మా సండే స్కూల్లో కూడా పెడతాను. థాంక్స్ సిస్టర్ గారూ.

కొత్తగా_చేరాను
మాది ఎయిడెడ్ స్కూలు, మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఇస్తారు. శుక్రవారం అయితే మా పిల్లలు కొందరు గుడ్డు పక్కన పెట్టేస్తున్నారు. తిననివ్వాలా వద్దా?

సిస్టర్_తరగతిగది
తినమనండి. పోప్ ఆరవ పౌలు 1966లో ఇచ్చిన నియమంలోనే గుడ్లు, పాలపదార్థాలు మానక్కర్లేదని ఉంది, మానాల్సింది మాంసమే. పైగా వీళ్ళకి ఆ వయసే రాలేదు. ఇంట్లో పెద్దవాళ్ళు గుడ్డు కూడా మానితే అది వాళ్ళ భక్తి. ఎదిగే పిల్లలకి ఆ గుడ్డు కావాలి.

కొత్తగా_చేరాను
సరే సిస్టర్ గారూ. ఇంకొక్కటి. ఒంటిపూట బడి పెట్టాక సిలువ మార్గం ఎప్పుడు చేయించాలి? సాయంత్రం చిన్నపిల్లలు రాలేరు.

మట్టికుండ_ఏలూరు
మొదటి పీరియడ్‌లోనే చేయించండి. నాలుగు స్థలాలే కాబట్టి త్వరగానే అయిపోతుంది. గుడి చుట్టూ నడిపిస్తే చెప్పులు ఉంచండి, మార్చి చివరికి పదింటికే గచ్చు కాలిపోతుంది. నీళ్ళ సీసాలు వెంట తెచ్చుకోమనండి.

మేరీటీచర్_ఒకటోక్లాసు
ప్లాన్ రాసి సిస్టర్ గారికి ఇచ్చేశాను. పాత కొమ్మలు, గింజల సీసా, బియ్యం, నీళ్ళ వారం, నాలుగు స్థలాలు, గోధుమ మొలకలు. కిరీటం టైముంటేనే. చార్టు లేదు. మార్చి 19, యేసుని పెంచిన తండ్రి జోజప్ప గారి పండుగ ఈసారి ఉగాది రోజే వచ్చింది, స్కూలు సెలవు. ముందు రోజే పిల్లల చేత నాన్నలకి కార్డులు చేయిద్దామనుకుంటున్నా. నాన్న లేని పిల్లలు ఇద్దరున్నారు, వాళ్ళకి ఎలా?

ఉపదేశి_పల్నాడు
"మా ఇంట్లో కష్టపడేవాళ్ళకి" అని రాయించండి. జోజప్ప గారు వడ్రంగి కదా. ఎవరు తాతకి ఇస్తారో, ఎవరు అమ్మకి ఇస్తారో వాళ్ళ ఇష్టం.

మేరీటీచర్_ఒకటోక్లాసు
అలాగే రాయిస్తాను సార్. తెనాలి, ఏలూరు వాళ్ళెవరైనా చింతగింజలు బస్సుకి వేయగలిగితే చెప్పండి, మా ఇంట్లో ఉన్నవి సరిపోవు.

శౌరి_తెనాలి
ఎన్ని కేజీలు కావాలి? శనివారం గుంటూరు వస్తున్నా, తెచ్చిస్తా.